పన్నెండో పాయింటు

స్టేషన్‌లో పన్నెండో నంబరు పాయింటు కనిపించడం లేదు.

పాయింటంటే చిన్న వస్తువు కాదు. రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్ళించే ఇనుప సరంజామా. టన్నుల బరువు. జేబులో వేసుకుని పోయేది కాదు.

కనిపెట్టినవాడు ఆంజనప్ప. బంగారపేట నుంచి బదిలీ మీద వచ్చి రెండు రోజులే అయింది. పాయింట్లకు నూనె పోసి రమ్మంటే డబ్బా పట్టుకుని పోయాడు. పదకొండింటికి పోశాడు. పన్నెండోది దొరకలేదు. తిరిగొచ్చి ఆ మాట చెప్పాడు. అదే అతను చేసిన తప్పు.

"ఇన్నేండ్లు లేంది, నువ్వొచ్చినాకే పోయిండాది. ఎవురికి అమ్మినావప్పా?" అన్నాడు స్టేషన్ మాస్టర్ పద్మనాభ.

పోలీసు జీపు వచ్చింది. చిక్కబళ్ళాపురంలో పాత ఇనుము కొనే గుజిరీ అంగళ్ళన్నీ గాలించారు. పాత సైకిళ్ళు తప్ప ఏమీ దొరకలేదు.

సంగటి క్యారియర్‌తో వచ్చిన ఆంజనప్ప భార్య అక్కమ్మ గేటు దగ్గరే గొంతెత్తింది.

"మా ఆయప్ప రెండు బిందెల నీళ్ళు మోస్తేనే నడుము పట్టుకుంటాడు. అంత ఇనుము యాడ మోస్తాడప్పా? ఎనిమిది నెల్లుంటే రిటైరయితాడు. పెన్షన్ పోగొట్టి మా నోట్లో మన్ను కొట్టొద్దండి!"

మధ్యాహ్నానికి బెంగళూరు నుంచి విచారణాధికారి ఆదినారాయణప్ప దిగాడు. స్టేషన్ ప్లాను బల్ల మీద పరిచి, కింది మూల మీద మోచేయి ఆనించి కూర్చున్నాడు. ప్లానులో పన్నెండో పాయింటు ఎర్ర సిరాతో స్పష్టంగా ఉంది.

రైలు నడపడం ఆపరేటింగ్ వాళ్ళ పని. పట్టా ఇంజనీరింగ్ వాళ్ళది. పాయింటును తిప్పే మోటారు సిగ్నల్ వాళ్ళది. పాయింటు ముగ్గురిదీ. అంటే, పోతే ఎవరిదీ కాదు. అందుకే ముగ్గురూ రిజిస్టర్లు చంకన పెట్టుకుని వచ్చారు.

"వారం వారం టెస్ట్ చేస్తాండాము సార్. మొన్న సోమవారం గూడా సాఫీగా తిరిగింది" అన్నాడు పద్మనాభ.

"నెలనెలా కొలుస్తాండాము సార్. ఒక్క మిల్లీమీటరు తేడా ల్యా" అన్నాడు ఇంజనీరింగ్ దేవరాజ్.

"మోటారు కొంచెం సౌండ్ చేస్తాంటే పోయిన నెల నేనే సరి చేసినా సార్. ఇప్పుడు పిల్లి మాదిరి పని చేస్తాండాది" అన్నాడు సిగ్నల్ అమరనాథ్.

ఆదినారాయణప్ప రిజిస్టర్లు తిరగేశాడు. ఎనిమిదేళ్ళు. మూడు సంతకాలు. ఒక్క నెల కూడా తప్పలేదు. ఆయన నుదుట చెమట పట్టింది.

అందరూ చోటు చూడ్డానికి కదిలారు. పట్టాలు తిన్నగా ఉన్నాయి. కోలారు వైపు రైలు ఒకటి వాటి మీదే హాయిగా వెళ్ళిపోయింది.

"దొంగ మామూలోడు కాదు సార్. అతుకు కనపడకుండా పట్టా వేసి, కంకర గూడా సర్దిపెట్టి పోయినాడు" అన్నాడు దేవరాజ్, కొంచెం మెచ్చుకోలుగానే.

"మా గ్యాంగుకు ఇంత నీటు రాదు" అని ఒప్పుకున్నాడు కూడా.

"ఇంగేం విచారణ సార్? ఎక్కించండి" అన్నాడు పద్మనాభ.

పోలీసులు ఆంజనప్పను జీపు ఎక్కించారు. అతని చేతిలో నూనె డబ్బా అలాగే ఉంది. అక్కమ్మ చక్రాల ముందు కూలబడింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

ఆదినారాయణప్ప గబగబా వచ్చి జీపు తలుపు తెరిచాడు. ఆంజనప్పను చేయి పట్టి దింపాడు. చుట్టకట్టిన ప్లాను విప్పి, ఇంతసేపూ మోచేతి కింద దాచిన మూలను అందరికీ చూపించాడు. అక్కడ ఆయన సంతకమే ఉంది.

"ఈయప్పను వదలండి, ఎనిమిదేండ్ల కిందట ఈ ప్లాను గీసేటప్పుడు చేయి జారి ఒక పాయింటు ఎక్కువ గీసింది నేనే, ఆ పన్నెండోది ఈ నేల మీద ఎవురూ ఎప్పుడూ వేయనే ల్యా!"