రెండు చేతులూ చాపి

“చెయ్యి శాలువా బయటికి రానివ్వకు, బాబాజీ,” అన్నాడు లఖ్వీర్ గొంతు తగ్గించి. “పెళ్లివాళ్లు బేడీ చూశారంటే గొడవైపోతుంది.”

బచిత్తర్ సింగ్ తలూపాడు. బేడీ ఒక కొస అతని కుడి చేతికి, రెండో కొస కానిస్టేబుల్ లఖ్వీర్ ఎడమ చేతికి ఉన్నాయి. మీద ఒకే శాలువా కప్పుకొని, గురుద్వారా గుమ్మం దగ్గర ఇద్దరూ ఒకేసారి వంగి చెప్పులు విడిచారు. లఖ్వీర్ మామూలు బట్టల్లోనే ఉన్నాడు. ఖైదీని పెళ్లికి తీసుకెళ్లి నాలుగు గంటల్లో వెనక్కి తీసుకురమ్మని పొద్దున్నే డ్యూటీ వేశారు. ఖూనీ కేసు, పదకొండేళ్లుగా లోపలే ఉన్నాడు అని చెప్పారు. అంతకుమించి అతనూ అడగలేదు.

గడప దాటబోతుంటే బూడిదరంగు తలపాగా మనిషి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. పెళ్లికూతురి చిన్నాన్న, అజాయబ్ సింగ్.

“ఏ ముఖం పెట్టుకొని వచ్చావు?”

“సిమరత్ రమ్మంది. జైలుకొచ్చి తనే కార్డు ఇచ్చి వెళ్లింది.”

“దానికేం తెలుసు, చిన్నపిల్ల. పదకొండేళ్లు తండ్రి లేకుండా పెరిగింది. ఎవడి వల్ల?”

బచిత్తర్ తల దించుకున్నాడు.

“మగపెళ్లివాళ్లకి నువ్వెవరో తెలీదు. తెలిస్తే బారాత్ మొత్తం లేచిపోతుంది. వెనక గోడ దగ్గర కూర్చో. నోరు మెదిపావంటే, పక్కన పోలీసున్నాడని కూడా చూడను.”

ఇద్దరూ మగవాళ్ల వైపు చివర్న గోడకు ఆనుకొని కూర్చున్నారు. అవతల ఆడవాళ్ల వైపు నుంచి పెళ్లికూతురి తల్లి ఒక్కసారి ఇటు చూసింది. చూసి, చున్నీ నుదుటి మీదికి లాక్కొని ముఖం తిప్పుకుంది. ఆమె భుజాలు అదరడం లఖ్వీర్‌కు ఇక్కడి దాకా కనిపించింది.

పక్కనున్న ముసలాయన వీళ్లనే గమనిస్తున్నాడు.

“మీరు ఎవరి తాలూకు?”

“అమ్మాయి వైపు,” అన్నాడు లఖ్వీర్.

“అంత చలిగా ఉందా, ఇద్దరూ ఒకే శాలువాలో దూరారు?”

“పెద్దాయనకి జ్వరం.”

ముసలాయన నమ్మినట్టు లేడు.

ముందు వరసలోంచి అజాయబ్ సింగ్ లేచి, పెళ్లికొడుకు భుజం మీది కాషాయం పల్లూ కొస తెచ్చి సిమరత్ చేతిలో పెట్టాడు. బచిత్తర్ కళ్లు మూసుకున్నాడు.

“అది తండ్రి చెయ్యాల్సిన పని కదా,” అన్నాడు లఖ్వీర్, ఉండబట్టలేక.

“అవును.”

“అడిగితే నీ చేత చేయించేవాళ్లేమో.”

“నేను ముట్టుకోకూడదు దాన్ని.”

నాలుగు పెళ్లి శ్లోకాల్లో మొదటిది, మొదటి లావాఁ చదివారు. పెళ్లికొడుకు ముందు, పల్లూ పట్టుకొని సిమరత్ వెనక, గ్రంథసాహిబ్ చుట్టూ నడిచారు. తోడబుట్టినవాళ్లు లేరు కాబట్టి చిన్నాన్న కొడుకులు దారి పొడవునా నిలబడి ఆమెను చేతుల మీదుగా నడిపించారు. మూడో ప్రదక్షిణలో బచిత్తర్ చేతులు జోడించబోయాడు. శాలువా లోపల గొలుసు గలగలలాడింది. ముసలాయన చటుక్కున తిరిగాడు. లఖ్వీర్ తాళంచెవులు వెతుకుతున్నట్టు జేబు తడిమాడు. నాలుగోది పూర్తయ్యేదాకా శాలువా కింద ఆ ముసలి మణికట్టును గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

అర్దాస్ ప్రార్థనకి అందరితో పాటు లేచి, మళ్లీ కూర్చున్నారు. ప్రసాదం గిన్నెతో సేవాదారు వరసలో వస్తూ వచ్చి ముందు నిలబడ్డాడు. లఖ్వీర్ కుడి చెయ్యి చాపాడు.

“రెండు చేతులూ పట్టండి, భాయీజీ. ఎప్పుడూ తీసుకోలేదా?”

ముసలాయన చూస్తున్నాడు. నాలుగు వరసల ముందు అజాయబ్ సింగ్ చూస్తున్నాడు. ఖైదీ పారిపోతే ఉద్యోగం పోతుంది. లఖ్వీర్ శాలువా కిందే తాళం తిప్పి బేడీ తీసేశాడు. బచిత్తర్ రెండు అరచేతులూ దోసిలి పట్టి ప్రసాదం అందుకొని, తినకుండా చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు.

లంగర్ భోజనాల హాల్లో బంతికి కూర్చున్నాక కూడా లఖ్వీర్ బేడీ వెయ్యలేదు. పప్పు పడింది. రొట్టెల బుట్ట వస్తోంది. తలెత్తి చూస్తే బుట్ట పట్టుకున్నది సిమరత్. మోచేతుల దాకా ఎర్ర గాజులు, వాటికి వేలాడే కలీరాల గుత్తులు. హాల్లో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“సిమరత్, అక్కడికి వెళ్లకు,” అన్నాడు అజాయబ్ సింగ్, పిడికిళ్లు బిగించి.

“నేనే పిలిచాను, చాచాజీ. ఆకలితో పంపించను.”

ఆమె బచిత్తర్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

“చేతులు చాపండి.”

అతను చాపాడు. ఆమె రొట్టె వేసింది. అది అతని చేతుల్లోంచి జారిపోతుంటే తనే మడిచి మళ్లీ పెట్టింది.

“పదకొండేళ్లు మీ మీద కోపంతో పెరిగాను,” అంది నెమ్మదిగా. “ఆ బరువు మోసుకుంటూ అత్తారింటికి వెళ్లలేను. ఇక్కడే దించేస్తున్నాను. తినండి.”

బచిత్తర్ ఏడుస్తూనే తిన్నాడు. ఆమె పక్క మనిషికి రొట్టె వేస్తూ ముందుకు వెళ్లిపోయింది. అజాయబ్ సింగ్ పిడికిళ్లు ఎప్పుడు వదులయ్యాయో ఎవరూ చూడలేదు.

జీపు ఊరు దాటి ఆవచేల మధ్య రోడ్డెక్కింది. బేడీ లఖ్వీర్ జేబులోనే ఉంది.

“అదృష్టవంతుడివి, బాబాజీ,” అన్నాడు. “జైలుకెళ్లిన తండ్రిని ఏ కూతురూ అంత క్షమించదు.”

బచిత్తర్ చేల మీంచి చూపు తిప్పి అతని వైపు తిరిగాడు.

“నేను చంపింది వాళ్ల నాన్ననే.”