సగం తుపాకీ

"నీ సగం బయటికి తియ్యి," అన్నాడు వెంకట్రాజం, గడప కూడా దాటకుండా.

"ముందు నీ సగం చూపియ్యి," అన్నాడు తమ్ముడు పాండురంగం, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఈ అన్నదమ్ములు పంచుకోని వస్తువంటూ లేదు. పొలం పంచుకున్నారు, బర్రెలు పంచుకున్నారు, ఆఖరికి తండ్రి జర్మనీ తుపాకీని కూడా పంచుకున్నారు. జోడు గొట్టాలు పెద్దోడికి, ట్రిగ్గరున్న కట్టె చిన్నోడికి. అలా పంచింది తల్లి మొగిలమ్మ. తుపాకీ మొత్తం ఒకడి చేతికిస్తే రెండోవాడు బతకడని ఆమె భయం. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇవాళ వెంకట్రాజం గొట్టాలను దుప్పట్లో చుట్టుకొని మరిపెడ నుంచి కాశిబుగ్గ దాకా వచ్చాడంటే, తమ్ముడి మీద ప్రేమ పొంగి కాదు. పని పీకల మీదికొచ్చింది.

"రేపటికల్లా పేరు కావాలెరా. లైసెన్సుల ఇన్నేండ్లు ఉత్త జర్మనీ అనే రాసుకొచ్చిండ్రు. ఇప్పుడు చేసిన కంపెనీ పేరు చెప్పాల్నట, రెండు ముక్కలు కలిపి చూపియ్యాల్నట. లేకుంటే నాయిన తుపాకి ఠాణాల జమైతది. ఇగ మన మొకం చూడదది."

"నీ గొట్టాల మీద లేదా పేరు?"

"ఉంటే నీ గడప తొక్కుదునా?"

పాండురంగం పళ్లు నూరాడు. కానీ నాయిన తుపాకీ ఠాణాలో తుప్పు పట్టడం వాడికీ ఇష్టం లేదు. అన్నను లోపలికి రానిచ్చి, మూలన మంచం మీద చిక్కుడుకాయలు ముందేసుకొని కూర్చున్న తల్లిని దాటి, దేవుడి గూట్లోంచి ఎర్రగుడ్డ మూట తెచ్చాడు.

విప్పితే కట్టె కనిపించలేదు. పసుపు, కుంకుమ, నూనె కనిపించాయి. ప్రతి దసరాకీ ఆయుధపూజ చేసి, పూసిందాని మీదే మళ్లీ పూశారు. పూజలందుకున్నదాన్ని గీకి కడగడానికి ఎవరికీ చేతులు రాలేదు. ట్రిగ్గరు పక్కన ఇనుప రేకు ఉందో లేదో కూడా తెలియనంత మందంగా పేరుకుపోయింది.

వెంకట్రాజం హైదరాబాద్‌కు వీడియో కాల్ కలిపాడు. అవతల రాంప్రసాద్. పాత తుపాకులంటే ప్రాణం పెట్టే మనిషి. గొట్టాల అడుగున ఉన్న ముద్రలు ఫొటోలో చూసి, జర్మనీలో సూల్ అనే ఊళ్లో చేశారని తేల్చింది ఆయనే.

"ట్రిగ్గరు పక్క రేకు మీద పేరుంటుందండీ. గొట్టాల మీదున్న నంబరే దాని మీదా ఉండాలి. మెల్లగా తుడవండి," అన్నాడు రాంప్రసాద్.

పాండురంగం డీజిల్లో గుడ్డ ముంచి రుద్దడం మొదలుపెట్టాడు. పక్కింటి పవర్‌లూమ్ టకటకా కొట్టుకుంటోంది. వెంకట్రాజం కాలు కాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాడు.

"జర గట్టిగ రుద్దురా."

"నీ చేతులేమన్న పడిపొయినయా?"

వెంకట్రాజం కూడా గుడ్డ అందుకొని కూర్చున్నాడు. ఇద్దరి భుజాలూ తగిలాయి. ఎవరూ జరగలేదు.

"నాయిన అడివిపందిని కొట్టిననాడు యాదికున్నదా తమ్మీ?"

"ఎందుకు లేదు? నువ్వు భయపడి చెట్టెక్కినవ్ గదా."

"నువ్వు నాకంటె పై కొమ్మ మీదుంటివి."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఆ నవ్వు వాళ్లకే కొత్తగా అనిపించి చప్పున ఆపుకున్నారు. కానీ వెంకట్రాజానికి లోపల ఎంత హాయిగా ఉందంటే, ఇంకాసేపు ఆ పేరు కనబడకపోయినా బాగుండుననుకున్నాడు.

కనబడింది. అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. వెంకట్రాజం ఫోను దగ్గర పెట్టాడు. రాంప్రసాద్ మొహం తెరకు ఆనించి రెండుసార్లు చదివాడు.

"ఏమైంది సార్? కంపెనీ పేరు దొరికిందా?"

"దొరికిందండీ. కాకపోతే ఇది జర్మనీది కాదు, బెల్జియంది. నంబరు కూడా వేరే. ఈ రెండు ముక్కలూ ఒక్క తుపాకీవి కావు."

నమ్మలేక ఇద్దరూ గొట్టాలను కట్టెకు బిగించి చూశారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. కొక్కెం పడలేదు.

వెంకట్రాజం లేచి నిలబడ్డాడు. "నాయిన తుపాకిని అమ్ముకున్నవారా, దొంగా?"

"నోరు సంభాళించుకో! మార్చింది నువ్వు! ఇన్నేండ్లు దీపం పెట్టి మొక్కినోన్ని నేను!"

"బెల్జియం కట్టెకు మొక్కినవా?"

"నీ గొట్టాలే దొంగయి!"

వెంకట్రాజం గొట్టాలు పైకెత్తాడు. పాండురంగం కట్టె ఎత్తాడు. ఏ క్షణాన ఎవరి తల పగులుతుందో తెలియకుండా ఉంది. ఫోనులోంచి రాంప్రసాద్ "సార్, సార్" అని అరుస్తున్నాడు.

"కొట్టుకోండ్రి, ఆగిండ్రేంది?"

మూలన మంచం మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మొగిలమ్మ అంది. తల కూడా ఎత్తలేదు.

"అవ్వా, నువ్వు నడుమ రాకు. వీడు నాయిన తుపాకిని మార్చిండు."

"వాడు మార్చలే. నేను మార్చిన."

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి.

"మీ నాయిన పాణం పోయిన తెల్లారే తుపాకి కోసం గల్లాలు పట్టుకున్నరు. సగం సగం ఇద్దామనుకున్నా నాకు భరోస కుదరలే. ఒకని సగం ఒకడు ఎత్తుకపోయి కలుపుకుంటే? గందుకే అసలు కట్టెకున్న ఇనుము తుపాకులు బాగుచేసేటాయనకిచ్చి, ఆయన కాడ పనికిరాని కట్టె తెచ్చి, అదే నాయినదని చిన్నోనికిచ్చిన."

వెంకట్రాజం చెయ్యి మెల్లగా కిందికి దిగింది. పాండురంగం అడిగాడు.

"మరి అసలు కట్టె ఏమైందే అవ్వా?"

మొగిలమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టి, కొడుకులిద్దరి మొహాల్లోకీ చూసింది.

"నాయిన దినాలనాడు పొయ్యిల పెట్టిన. మీరిద్దరు ఒక్క బంతిల కూసోని తిన్న ఆఖరి బువ్వ దాని మంట మీదనే ఉడికింది."