గరుకు గోడ

“ఈ గోడ జోలికి మాత్రం రాకు తల్లీ,” అన్నాడు తండ్రి, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

కూతురు స్ప్రే మిషన్ గొట్టం చుట్టని కింద పడేసింది. “ఈ వరసలో పదకొండు ఇళ్ళకి నేనే రంగు కొట్టాను నాన్నా. అన్నీ అద్దంలా ఉన్నాయి. మనది చూడు, గజ్జి పట్టినట్టుంది. పెయింటరు ఇల్లే ఇలా ఉంటే నాకు పని ఎవరిస్తారు?”

“అది నేను బ్రష్షుతో వేసిన గోడ.”

“అందుకేగా, చెయ్యి వేస్తే గీతలు గీతలుగా తగులుతోంది.”

“తగలనీ.”

“పోనీ రంగైనా నువ్వే చెప్పు. ఇదా, ఇదా?” రెండు డబ్బాల మూతలు తీసి చూపించింది.

ఆయన వాటి వంక చూడనైనా చూడలేదు. “ఏదైతే ఏముందిలే,” అన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. మిషన్ కొన్న రోజు నుంచీ ఇదే వరస. తన బ్రష్షు మూలపడిందని ఆయనకి కడుపుమంట. కన్నకూతురి మీద కూడానా అనుకుంటే ఏడుపొచ్చింది.

“సరే, నేను పక్క వీధి పనికి పోతున్నా,” అంది.

తండ్రి ఎప్పటిలాగే గోడకి రాసుకుంటూ సందు చివరి టీకొట్టుకి బయల్దేరాడు. ఆయన అటు వెళ్ళగానే ఆమె తలుపుకీ కిటికీకీ కాగితాలు అంటించింది. సాండ్ పేపరుతో గోడంతా రుద్దింది. పాత గీతలన్నీ పొడై రాలిపోయాయి. మాస్కు తగిలించుకుని మిషన్ ఆన్ చేసింది. మధ్యాహ్నానికల్లా గోడ ఆరిపోయింది కూడా. చెయ్యి వేస్తే జారిపోతోంది. ఒక్కసారి చూస్తే నాన్నే మెచ్చుకుంటాడనుకుంది. కాగితాలు పీకేసి, సందుకి అవతలి పక్కన నిలబడి ఎదురుచూసింది.

తండ్రి వచ్చాడు. కొత్త గోడ మీద వేళ్ళు ఆనించి మెల్లగా నడిచాడు. వంకలు వెతుకుతున్నాడు, పెయింటరు బుద్ధి ఎక్కడికి పోతుంది అనుకుందామె.

గుమ్మం వచ్చింది. ఆయన ఆగలేదు. దాటుకుని సందు మొదటిదాకా పోయి వెనక్కి తిరిగాడు. మళ్ళీ గోడంతా తడిమాడు, మళ్ళీ గుమ్మం దాటాడు.

ఇంట్లో అడుగు పెట్టనంత అలకా?  తప్పయిపోయింది నాన్నా అందామని ఆమె దగ్గరికి వచ్చింది.

అడుగుల చప్పుడుకి ఆయన ఇటు తిరిగాడు. ముఖంలో కోపం లేదు. చెమటలు కారుతున్నాయి. మూరెడు దూరంలో నిలబడి ఎంతో మర్యాదగా అడిగాడు.

“బాబూ, ఈ వరసలో గోడ గరుగ్గా ఉండే ఇల్లొకటి ఉండాలి. చెయ్యి పట్టుకుని నన్ను కాస్త అక్కడ దింపుతావా? మా అమ్మాయికి మాత్రం చెప్పకు.”