చక్రాల తూకం

చక్రాలు కాకపోతే మరేమిటి? నెల క్రితం వరకూ వంతెన మీదికి లేడిలా దూకిన కారు ఇప్పుడు నెలలు నిండిన గేదెలా ఆయాసపడుతోంది. ఇంజను ముసలిది కాలేదు. వంతెన ఎత్తు పెరగలేదు. మారినవల్లా ఆ నాలుగు చక్రాలే. వాటిని అమర్చింది సొంత బావమరిది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.

కానీ ఈశ్వరుడు తూనికల ఇన్‌స్పెక్టరు కాడు కదా.

ఇన్‌స్పెక్టరు తన బావమరిది చక్రాల షాపు ముందు కారు ఆపాడు. అనుకున్న చోటికి మూరెడు అవతల ఆగింది.

"చూశావా?" అన్నాడు పక్కనున్న భార్యతో. "బరువు చక్రం ఒక పట్టాన కదలదు. కదిలిందా, ఒక పట్టాన ఆగదు."

కిందటి వారం కూడలిలో సైకిలు తొక్కుకుంటూ వెళ్తున్న ఒక పిల్లకు ఈ కారు తగలబోయి వెంట్రుకవాసిలో తప్పింది. అప్పటినుంచీ ఆవిడ కారెక్కితే చేతిసంచిని ఒళ్లో బిగించి పట్టుకుంటుంది.

దిగుతుంటే అతని చెప్పు ఒకటి కారులోనే ఉండిపోయింది.

"ఈ చెప్పులవాడొకడు. ఎనిమిదో నంబరని చెప్పి తొమ్మిది అంటగట్టాడు."

ఆవిడ చుట్టూ తిరిగి వచ్చి, వంగి చెప్పు తీసి అతని ముందు పెట్టింది.

బావమరిది చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "రా బావా. కూర్చో అక్కా. టీ చెప్పనా?"

"టీ తరవాత. ముందు చక్రాలు విప్పు."

"మళ్లీ ఏమైంది?"

"తేలికవి వెయ్యరా అంటే ఏం వేశావు? బరువు డిక్కీలో ఉంటే ఒక లెక్క, తిరిగే చక్రంలో ఉంటే ఇంకో లెక్క. చంకన పెట్టుకున్న బిందె, చెయ్యి చాచి పట్టుకున్న బిందె ఒకటేనా?"

"కాదు బావా. అందుకే ఈకల్లాంటివి వేశాను. నువ్వు పెద్ద సైజు అడిగినా, బండి లాగదని వద్దన్నది నేనే కదా."

"ఈకలో ఇనపగుండ్లో ఇప్పుడు తేలుతుంది. డిక్కీలో మా ఆఫీసు తూకం మిషను ఉంది, దించు."

"నా దగ్గర లేదా తూకం?"

"ఉంటుంది. బావమరుదుల తూకాలు నాకు తెలియనివి కావులే."

బావమరిది నవ్వి మిషను దించాడు. ఇన్‌స్పెక్టరు దాని మీద మొదట ఆఫీసు రాళ్లు పెట్టి, అది నిజమే చెబుతోందని తేల్చుకున్నాడు. తరవాత, విప్పి దాచిన పాత చక్రాల కోసం షాపు వెనక గదిలోకి బయలుదేరాడు. గడప తగిలి తూలాడు. ఇంతెత్తు గడపలు కట్టే మేస్త్రీలను జైల్లో వెయ్యాలి. మొన్న ఇంట్లో కూడా ఇదే తంతు.

టైర్ల దొంతర అవతల గుసగుసలు వినిపించాయి.

"చెప్పెయ్యక్కా. ఎన్నాళ్లని దాస్తావు?"

"నేను చెబితే నమ్ముతారా? ఇల్లెగిరిపోయేలా అరుస్తారు. ఆయన చేతులతో ఆయన్నే తూచుకోనీ."

అతను పాత చక్రం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అయితే ఆవిడ కూడానా?

దొంగతూకం వేసేవాడి చూపు ఒకచోట నిలవదు. అది అతను ఉద్యోగంలో నేర్చుకున్న మొదటి పాఠం. ఈ నెలంతా ఆవిడ తన మొహంలోకి చూసిందా? పక్కన నడిచేటప్పుడు కూడా నేలచూపులే. ఏమిటమ్మా అంటే ఏమీ లేదండీ. ఇన్నేళ్లూ ఊరందరి త్రాసులూ పట్టి చూశాడు. ఇంట్లో దాన్ని మాత్రం కళ్లు మూసుకుని నమ్మాడు.

బయటికి వచ్చేసరికి ఇద్దరూ మాటలు ఆపేశారు. అతనూ ఏమీ విననట్టే ఉన్నాడు. దొంగలు సరుకుతో సహా దొరకాలి.

పాత చక్రం, టైరుతో సహా పదిహేడు కిలోలు.

కొత్తది పద్నాలుగున్నర.

అతను మిషను పక్కకు జరిపి చదునైన బండ మీద పెట్టాడు. మళ్లీ పద్నాలుగున్నర. మిగతా మూడూ విప్పించాడు. అన్నీ అంతే. టేపు తీసి ఎత్తు కొలిచాడు. పాతవీ కొత్తవీ గీత తేడా లేదు.

"ఇప్పుడేమంటావు బావా?" బావమరిది గొంతులో వెటకారం లేదు. అదే అతనికి ఇంకా అనుమానంగా తోచింది.

"అయితే రోగం ఇంజనులో ఉంది. నీ కుర్రాళ్లు ఏదో కెలికుంటారు."

"సరే. చక్రాలు బిగించేస్తాను. అక్క ఒకసారి వంతెన ఎక్కించి తెస్తుంది. ఇక్కణ్ణుంచి కనబడుతుందిగా, నువ్వే చూడు."

"అదా? అది కారు ముట్టుకుని ఏడాదైంది."

"అందుకే."

ఆవిడ కొంగు దోపుకుని స్టీరింగు ముందు కూర్చుంది. ఇన్‌స్పెక్టరు స్తంభాన్ని ఆనుకుని, కేసు రాయబోయేవాడిలా కళ్లు చిట్లించాడు.

కారు వంతెన మీదికి లేడిలా దూకింది.

ముందున్న లారీని దాటింది. ఆ చివర తిరిగింది, వచ్చింది, సరిగ్గా షాపు ముందున్న తెల్లగీత మీద ఆగింది. గీతకు ఇటు బెత్తెడు లేదు, అటు బెత్తెడు లేదు.

అతను కిటికీ దగ్గరికి వెళ్లాడు. "ఏం చేశావు?"

"తొక్కానండీ."

"ఇంకేం చేశావు?"

"అంతేనండీ. తొక్కాను."

ఆవిడ ఈసారి అతని కళ్లలోకే చూస్తోంది. అతనే తల దించుకున్నాడు. పెడలు మీద ఆనించిన ఆవిడ పాదాన్ని చాలాసేపు చూశాడు. వెనక బావమరిది తూకం మిషను డిక్కీలో పెట్టి, చప్పుడు కాకుండా మూత వేశాడు.

ఆవిడ దిగబోయింది.

"దిగకు" అన్నాడు. "నువ్వే పోనీ."

బానెట్టు మీద చెయ్యి ఆనించుకుంటూ అటువైపు వెళ్లి, తలుపు తీసి, సీటులో కూలబడ్డాడు.

తరవాత రెండు చేతులతో తన కుడికాలిని ఎత్తి లోపల పెట్టుకున్నాడు.