మంచు తడి

ఇంటి ముందు తన కారు కడిగినందుకు డ్రైవరుకు నోటీసు వచ్చింది.

వానలు మొహం చాటేశాయి, చెరువు అడుగంటింది. ఇళ్ళ దగ్గర ఎవరూ వాహనాలు కడగకూడదని మున్సిపాలిటీ హుకుం జారీ చేసింది. డ్రైవరు కడిగిన నీళ్ళు వీధి మలుపు దాకా పారాయి. రెండోసారి దొరికితే కారే ఎత్తుకుపోతారట.

"కడిగితే వీళ్ళు ఊరుకోరు, కడక్కపోతే తెల్లరుమాలు ఊరుకోడు," అన్నాడు డ్రైవరు, నోటీసు ఫ్రిజ్ మీద పడేసి.

తెల్లరుమాలంటే డ్రైవరు కారు తిప్పే ట్రావెల్స్‌లో సూపర్‌వైజరు. రోజూ గేటు దగ్గర ప్రతి కారు బానెట్ మీదా రుమాలుతో ఒక గీత గీస్తాడు. రుమాలు నల్లబడితే తప్పు కింద లెక్క. మూడు తప్పులకు డ్యూటీ లిస్టులోంచి పేరు తీసేస్తారు.

డ్రైవరుకు అప్పటికే రెండు పడ్డాయి.

"సర్వీస్ సెంటర్లో కడిగించరాదూ?" అంది భార్య.

"అక్కడ క్యూ చూశావా? నా వంతు వచ్చేసరికి నాకు పళ్ళూడిపోతాయి."

ఆమె నవ్వలేదు. బట్టల దుకాణంలో పొద్దస్తమానం నిలబడి వచ్చిన మనిషికి నవ్వే ఓపిక ఎక్కడిది? డ్రైవరు ఇల్లు చేరేసరికి బాగా పొద్దుపోతుంది. మళ్ళీ ఏడింటికల్లా బయల్దేరాలి.

అయినా విచిత్రంగా, మర్నాటి నుంచి పొద్దున్నే కారు తళతళలాడుతూ కనిపించింది.

భార్యే లేచి తుడుస్తోందనుకున్నాడు డ్రైవరు. ఆ విషయం ఎత్తితే తనకే ఏడుపొస్తుందని ఎత్తలేదు. దానికి బదులు రాత్రి వచ్చాక గిన్నెలు తోమి పడుకోవడం మొదలుపెట్టాడు.

ఆయనే తుడుచుకుంటున్నాడనుకుంది భార్య. అంత అలసటలోనూ గిన్నెలు కూడా తోముతున్నాడే అని, పొద్దున రెండో కప్పు టీ ఇవ్వసాగింది.

అలా గడిచిన రెండు నెలలూ ఇంట్లో మాటా మాటా అనుకున్నది లేదు.

డ్రైవరుకు పడనివాడు ఒక్కడే, వీధి ఊడ్చే ముసలాయన.

"వాడు మున్సిపాలిటీ మనిషి. నా మీద చెప్పింది వాడే."

"మీకెలా తెలుసు?"

"పొద్దున్నే విను. వీధి చివర నుంచి బరబరా ఊడ్చుకుంటూ వస్తాడు. మన కిటికీ దగ్గరికి రాగానే చప్పుడు ఆగిపోతుంది. చెవి ఒగ్గి వినడానికి కాకపోతే ఎందుకు?"

"ఏం వింటాడండీ, మీ గురకా?"

"కుళాయి చప్పుడు!"

ఒకరోజు పొద్దున ఆ చప్పుడు ఆగగానే డ్రైవరు దుప్పటి తన్నేసి, చెప్పులైనా లేకుండా బయటికి పరుగెత్తాడు.

ముసలాయన కారు మీదికి వంగి ఉన్నాడు. ఒక చెయ్యి బానెట్ మీద ఉంది. రెండో చెయ్యి చటుక్కున వెనక్కి దాచుకున్నాడు.

"దొరికావు! కడిగానో లేదో తడిమి చూస్తున్నావా?"

"మంచు తడే సార్. నీళ్ళు కావు."

"ఆ సంగతి నువ్వు నాకు చెప్తావా? ఆ చేతిలో ఏంటి? ఫొటో తీశావా?"

ముసలాయన చెయ్యి ముందుకు తేలేదు. తల వంచుకుని, చీపురు తీసుకుని వెళ్ళిపోయాడు.

డ్రైవరు డ్యూటీకి పోతూ దారిలో వార్డు ఆఫీసు దగ్గర ఆగి కాగితం రాసిచ్చాడు. ఊడ్చే మనిషి ఇళ్ళ మీద నిఘా పెడుతున్నాడని, కార్ల మీద చేతులు వేస్తున్నాడని రాశాడు.

"ఇన్నేళ్ళలో ఆయన మీద వచ్చిన మొదటి ఫిర్యాదు ఇదే," అన్నాడు గుమాస్తా.

"మొదలంటూ ఉండాలిగా."

నాలుగో రోజుకు ముసలాయనను ఊరవతల చెత్త డంపుకు మార్చేశారు.

ఆ మర్నాడు చీపురు చప్పుడు కిటికీ దగ్గర ఆగలేదు. బరబరా సాగిపోయింది. పీడ విరగడైందనుకుని డ్రైవరు అటు తిరిగి పడుకున్నాడు.

తర్వాత అలవాటు కొద్దీ కారు వంక చూడనైనా చూడకుండా ఎక్కి కూర్చున్నాడు. గేటు దగ్గర రుమాలు నల్లబడింది.

"మూడు," అన్నాడు తెల్లరుమాలు. ఆ గొంతులో కోపం కూడా లేదు.

సాయంత్రం భార్య వచ్చేసరికి డ్రైవరు ఇంట్లోనే, దీపం వేయకుండా కూర్చుని ఉన్నాడు.

"ఇవాళ తుడవలేదేం? ఒంట్లో బాగాలేదా?" అనడిగాడు. కోప్పడే ఓపిక కూడా లేదు.

"ఏం తుడవడం?"

"కారు. రోజూ నువ్వే కదా తుడిచేది?"

"నేనా? మీరు కాదూ?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు వెళ్ళాల్సిన డ్యూటీ లేదు. అయినా తెల్లవారకముందే డ్రైవరుకు మెలకువ వచ్చింది. వీధి చివర నుంచి చీపురు చప్పుడు దగ్గరికొచ్చి, కిటికీ ముందు ఆగిపోయింది.

తలుపు తీశాడు. కొత్తగా వచ్చిన ఆమె చీపురు గోడకానించి, బానెట్ మీది మంచును గుడ్డతో తుడుస్తోంది. మంచుతో పాటే దుమ్మూ పోతోంది. ఆ గుడ్డ తను ఎప్పుడో చెత్తలో పడేసిన యూనిఫాం చొక్కా.

"ఎవరు తుడవమన్నారమ్మా?"

ఆమె బెదిరిపోయి గుడ్డ వెనక్కి దాచుకుంది.

"చెత్తలోది వాడుకోకూడదని తెలుసు సార్. మా పైవాళ్ళకు చెప్పకండి. నిన్న డంపు దగ్గర పాత పెద్దాయన కనపడి ఇచ్చాడు. కారు మీద పడేది మన చీపురు దుమ్మే, కడుక్కుందామంటే ఆ సారును నీళ్ళు పోయనివ్వరు, మంచు ఆరకముందే మనమే తుడవాలి అన్నాడు."

డ్రైవరు గడప మీద కూలబడ్డాడు. ఎంత పని చేశాను అనుకున్నాడు. తలెత్తి కిటికీ వంక చూశాడు.

"మరి ఈ కిటికీ కింద ఊడవవేం?"

ఆమె గొంతు బాగా తగ్గించింది.

"లోపల డ్రైవరు సారు అలసిపోయి పడుకుని ఉంటాడు, అక్కడ మాత్రం చప్పుడు చెయ్యకుండా చెత్త చేత్తో ఏరమని మరీమరీ చెప్పాడు సార్."