అవ్వ మాట

శంషాబాద్‌లోని దవాఖానలో డాక్టర్ వసుంధర గారు అడిగింది మా అవ్వనే. "మీ కిడ్నీలు దాదాపు ఆగిపోయాయమ్మా. వారానికి మూడుసార్లు మిషన్‌తో రక్తం శుభ్రం చేయించుకోవచ్చు. లేదంటే బాధ తెలియకుండా మందులతో ఇంట్లోనే ఉండొచ్చు. అయితే ఎక్కువ కాలం బతకరు. మీకేది ఇష్టం?"

అవ్వ నన్ను చూపించింది. "మా ఇంట్ల సదువుకున్నది గిదొక్కతే. కొత్త ఎయిర్‌పోర్టుల నౌకరి చేస్తది. దీన్నే అడుగు బిడ్డా."

అమ్మ చనిపోయాక నన్ను పెంచింది అవ్వే. "మిషన్ మీదే పెట్టండి మేడం," అన్నాను. "ఎలాగైనా బతకాలి."

అవ్వ కాదనలేదు. డాక్టరు గారు సోమవారం రమ్మన్నారు.

లేస్తూ అవ్వ ఆమెకు చేతులు జోడించింది. "పోత బిడ్డా."

నేను అడ్డుపడ్డాను. "గట్లంటరా అవ్వా? పోయొస్త అనాలె."

"మల్ల వచ్చేదుంటే గద, గట్లనేది."

నేను ఆమె కొంగు గట్టిగా పట్టుకున్నాను. "సోమారం వస్తవు. వస్తనని చెప్పు అవ్వా."

అవ్వ నా చెంప నిమిరింది. మాట మాత్రం మార్చలేదు.

డాక్టరు గారు కుర్చీ అవ్వ దగ్గరికి జరుపుకున్నారు. "కూర్చోండమ్మా. ఇప్పుడు మీరు చెప్పండి, నేను వింటాను."