గోడ పక్క కుర్చీ

"ఏదో ఒకరోజు ఆ తలుపు బద్దలుకొట్టుకుని నేను లోపలికొచ్చేసరికి నువ్వు ఉండవే. అదే నా భయం. ఉండవు, అంతే."

కిటికీ పక్క కుర్చీలోంచి వచ్చిన మాటలు గోడ పక్క కుర్చీకి తగిలాయి.

కౌన్సెలింగ్ గదిలో ఉన్నవే మూడు కుర్చీలు. కిటికీ పక్కది తల్లిది. గోడ పక్కది కూతురిది. రెంటికీ ఎడంగా, కాస్త వెనక్కి జరిగి ఉన్నది కౌన్సెలర్‌ది. వచ్చిన ప్రతిసారీ జరిగేది ఒకటే. ఒక కుర్చీ అడుగుతుంది, ఇంకో కుర్చీ నేల చూస్తుంది.

ముందు కూతురు మత్తుకోసం తాగిన దగ్గుమందు. తర్వాత ఎక్కడెక్కడివో మాత్రలు. పోయిన నెల బాత్రూంలో స్పృహ తప్పి పడిపోతే గొళ్లెం విరగ్గొట్టి బయటికి తీసుకురావలసి వచ్చింది. ఎందుకు అన్నదానికి మాత్రం ఇంతవరకూ జవాబు లేదు.

అందుకే కౌన్సెలర్ ఇవాళ కొత్త పద్ధతి చూద్దామంది. షరతులు చెప్పింది. అరవొచ్చు, ఏడవొచ్చు, లేచి బయటికి మాత్రం పోకూడదు.

"ఇవాళ కూడా నోరు పెగలకపోతే లోపల వార్డులో చేర్చుకోక తప్పదు. అమ్మాయి ఎందుకు మింగుతోందో తెలియకుండా ఇంటికి పంపాలంటే నాకే ధైర్యం చాలట్లేదు," అని కూడా అంది.

వార్డు తలుపులకు లోపలి వైపు గొళ్లేలు ఉండవు. వస్తూ వస్తూ ఇద్దరూ చూశారు.

గోడ పక్క కుర్చీలో ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎదుటి కుర్చీలో మాత్రం చేతిసంచి ఒళ్లోనే ఉంది. దాని జిప్పు లాగడం, వెయ్యడం, మళ్లీ లాగడం. మధ్యమధ్య మాటలు.

"ఏమిటా దిక్కులు చూడ్డం? ఇటు చూడు. కళ్లెందుకు ఎర్రబడ్డాయి? నాలిక చూపించు. పొద్దున తుమ్మావు. అది మామూలు తుమ్ములా లేదు నాకు."

కౌన్సెలర్ పెదవి చివర కదిలింది. నవ్వు ఆపుకున్నట్టుంది.

"మీరు నవ్వకండి మేడమ్. కన్నదాన్ని, నా బాధ మీకేం తెలుస్తుంది? బడి ముందు అంబులెన్సు ఆగిందని ఎవరో అంటే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. తీరా చూస్తే ఆ డ్రైవరు దిగి టీ తాగుతున్నాడు. వాణ్ని పట్టుకుని ఏడ్చాను, మా పిల్లేదిరా అని. పాపం, గ్లాసు వదిలేశాడు."

ఆమెకు నవ్వు రాలేదు. ఈ మాటలన్నీ కంఠతా వచ్చు. దేని తర్వాత ఏది వస్తుందో కూడా తెలుసు. అంబులెన్సు అయ్యాక స్నేహితురాళ్లు. ఆ తర్వాత సెల్‌ఫోను. ఆ తర్వాత, పోయిన మనిషి ఊసు. అన్నీ తెలిసినవే. అయినా ఇలా ఎదురుగా ఒక్కొక్కటీ మీదికొస్తుంటే వెనక్కి, గోడకేసి జరుగుతోంది.

"ఆ పొడుగుపిల్లతో తిరగొద్దన్నానా లేదా? ఫోనులో ఎవరితోనే ఆ గుసగుసలు? నేను గుమ్మంలోకి రాగానే ఠక్కున ఆపేస్తావు. నేనేమన్నా పరాయిదాన్నా?"

వచ్చేస్తోంది. ఆమె కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

"మీ మావయ్యా ఇలాగే మొదలుపెట్టాడు. నీది అచ్చం వాడి మొహమే. ఆ నవ్వూ వాడిదే. నువ్వు పుట్టినప్పుడే అనుకున్నాను, వాడి పోలికొచ్చింది, దీనికీ వాడి గతే పడుతుందేమోనని. నువ్వు పడుకున్నాక వచ్చి నీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఊపిరి ఉందా లేదా అని. రోజూ చూస్తాను."

ఆమె ఉలిక్కిపడింది. వేలు సంగతి ఈ గదిలో ఇంతకుముందు ఎవరూ ఎత్తలేదు. అది నిద్రలో జరిగేది. ఆ నిద్రలోనే ఉండిపోవలసింది.

జిప్పు చప్పుడు ఆగిపోయింది.

"చెప్పవే. ఎందుకు మింగావు?"

ఈసారి ఆ గొంతులో కోపం లేదు.

బయట వరండాలో ఎవరో చక్రాల మంచం తోసుకుంటూ వెళ్లారు. ఆ చప్పుడు దూరమై, మలుపు తిరిగి, లేకుండా పోయింది.

"అమ్మ అడుగుతోంది," అంది కౌన్సెలర్ మెల్లగా. "కూతురు చెప్పాలి. ఆలోచించి కాదు. ఆ కుర్చీలో కూర్చుంటే లోపల ఏమవుతోందో, అదే చెప్పాలి."

లోపల ఏమవుతోంది? ఎక్కడైనా ఒక గది దొరికితే బాగుండు, దూరి గొళ్లెం పెట్టేసుకుంటే బాగుండు, ఈ గొంతు వినపడని చోటు ఏదైనా సరే అనిపించింది. అలా అనిపించినందుకు ఆమెకు ఇంకా భయమేసింది. ఇంత సులువా, అలా అనిపించడం?

ఎదుటి కుర్చీలోని కళ్లు ఆమె మీదే ఉన్నాయి, నీళ్లు నిండి, రెప్ప వెయ్యకుండా.

ఆమె నోరు విప్పింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"నేను చచ్చిపోతానని నువ్వంత గట్టిగా నమ్ముతుంటే... నాకూ నిజమేననిపించేదమ్మా. కాసేపైనా ఆ మాట వినపడకుండా ఉంటుందని మింగాను."

కౌన్సెలర్ కొత్త పద్ధతి ప్రకారం కుర్చీ మారి కూతురి చోట కూర్చున్న ఆ తల్లి, తన కుర్చీలో కూర్చుని ఇంతసేపూ తన మాటలే తనకు వినిపించిన పదహారేళ్ల కూతురికి ఆ జవాబు చెప్పింది.